ఆఫీసు కంప్యూటర్, మన గుట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరినవారు, తహసీల్దారు ఆఫీసుల్లో కంప్యూటర్ ఆపరేటర్లు, సహకార బ్యాంకుల గుమస్తాలు, బడి పంతుళ్లు. కంప్యూటర్ భద్రత మీద శిక్షణ ఇవ్వడానికి వెళ్తే వీళ్లందరూ అడిగేవి దాదాపు ఒకే రకం ప్రశ్నలు. అందరి ముందు ‘ఏ యాంటీవైరస్ మంచిది?’ అంటారు. అసలు ప్రశ్న టీ విరామంలో, పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడుగుతారు. ఇక్కడ రాసినవి ఆ రెండో రకానివి. చట్టం గురించి చెప్పినదంతా భారతదేశానికి సంబంధించినది. మీకు ఇప్పటికే నోటీసు వచ్చి ఉంటే మాత్రం ఇది చదువుతూ కూర్చోకుండా వకీలును కలవండి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నేను చేసేవన్నీ కంపెనీకి కనిపిస్తాయా?

కనిపిస్తాయనే అనుకుని పని చేసుకోండి. ఏ వెబ్‌సైట్లు తెరిచారు, ఏ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లింది, ఏది ప్రింట్ అయింది, మెయిల్‌కు ఏది జత చేశారు, ఎన్ని గంటలకు లాగిన్ అయ్యారు అన్నవి నమోదు కావడం చాలా కంపెనీల్లో మామూలే. కొన్ని చోట్ల ఉండుండి తెరను ఫొటో తీసే సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది. అడ్రస్ పక్కన తాళం బొమ్మ చూసి ధీమాగా ఉండేవారున్నారు. కంపెనీ తన సొంత సర్టిఫికెట్‌ను (బ్రౌజర్ నమ్మే గుర్తింపు ఫైలును) ల్యాప్‌టాప్‌లో ముందే ఎక్కించి ఉంటే ఆ తాళానికి మారు తాళంచెవి కంపెనీ దగ్గర ఉన్నట్టే.

అయితే చూడగలగడం వేరు, చూస్తూ కూర్చోవడం వేరు. వేలమంది పనిచేసే చోట మీరు మధ్యాహ్నం చీర కొన్నారా, రైలు టికెట్టు తీశారా అని ఎవరూ కాపు కాయరు. ఈ నమోదులు, అంటే లాగ్‌లు, ఊరికే పోగుపడుతుంటాయి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి కూడా. మీ మీద ఎవరికైనా అనుమానమో కోపమో వచ్చిన రోజున ఆ పోగును తవ్వుతారు. భయపడవలసింది రోజువారీ నిఘాకు కాదు, ఆ తవ్వకానికి.

ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే?

అది మీ తర్వాత అదే కంప్యూటర్ వాడేవారి నుంచి దాస్తుంది. కిటికీ మూసేశాక బ్రౌజర్‌లో చరిత్ర మిగలదు, అంతే. ల్యాప్‌టాప్‌లో కూర్చున్న నిఘా సాఫ్ట్‌వేర్‌కు, ఆఫీసు నెట్‌వర్క్‌కు అంతా ఎప్పటిలాగే తెలుస్తుంది.

సొంత ఫోనును ఆఫీసు వైఫైకి కలిపితే మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో చాలావరకు తెలుస్తుంది కానీ, ఫోనులో కంపెనీ ఏమీ ఎక్కించకపోతే లోపల ఏం రాశారో తెలియదు. వైద్యుడి రిపోర్టు, కొత్త ఉద్యోగం వెతుకులాట, కుటుంబ తగాదా లాంటివి మీ ఫోనులో, మీ డేటాతో చూసుకోండి.

ఆఫీసు చాట్ టీమ్స్‌లో మేమిద్దరమే మాట్లాడుకున్నవి కూడానా?

అక్కడ ‘ప్రైవేట్’ అంటే తోటి ఉద్యోగులకు కనిపించదని మాత్రమే అర్థం. విచారణ అవసరమైతే కంపెనీ వాటిని బయటికి తీయగలదు. మీరు చెరిపేసినవి కూడా కంపెనీ పెట్టుకున్న నియమాన్ని బట్టి లోపల మిగిలి ఉండవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచిపెట్టడం ఇంకో అలవాటు. వాట్సాప్ సందేశాన్ని దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. తెర మీదికి వచ్చాక దాన్ని ఫొటో తీసే సాఫ్ట్‌వేర్‌కు ఆ రక్షణతో పని లేదు. మేనేజరు మీద కోపం వస్తే ఇంటికి వెళ్లేదాకా ఆగండి.

ఇలా చూడటానికి చట్టం ఒప్పుకుంటుందా? గోప్యత ప్రాథమిక హక్కు కదా?

హక్కే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాట తేల్చి చెప్పింది. కానీ ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వం నుంచి మనకు రక్షణ. కాబట్టి ప్రభుత్వ ఉద్యోగి వాదన కొంత బలంగా ఉంటుంది. ప్రైవేటు ఉద్యోగి ముందుగా చూసుకోవలసింది తన నియామక పత్రాన్ని, చేరిన రోజున చదవకుండా సంతకం పెట్టిన కంప్యూటర్ వినియోగ నిబంధనల్ని. అందులో ‘కంపెనీ పరికరాలను పర్యవేక్షించే అధికారం ఉంది’ అన్న వాక్యం దాదాపు ఖాయంగా ఉంటుంది.

ఆపైన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద ప్రధానమైన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలలకు, అంటే 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చని ఇందులో ఉంది. చదివినవాళ్లు ఆనందించే భాగం ఇది. అంతగా ప్రచారం కాని భాగం ఏడో సెక్షన్‌లో ఉంది. ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకు, యజమానికి నష్టం కలగకుండా చూసుకోవడానికి, వ్యాపార రహస్యాలు బయటికి పొక్కకుండా ఆపడానికి ఉద్యోగి డేటాను అతని సమ్మతి లేకుండానే వాడుకోవచ్చు. నా లెక్కలో ఈ విషయంలో చట్టం యజమాని వైపే మొగ్గింది. ‘నష్టం కలగకుండా’ అన్న మాట కింద ఏమేం ఇరికించవచ్చో ముందుముందు కోర్టులు తేల్చాలి.

పోల్చి చూడటానికి ఐరోపా కేసు ఒకటి పనికొస్తుంది. రొమేనియాలో బొగ్దాన్ బర్బులెస్కు అనే ఇంజనీరు, ఖాతాదారులతో మాట్లాడటానికి తెరిచిన యాహూ మెసెంజర్‌లో తన అన్నదమ్ముడితో, పెళ్లాడబోయే అమ్మాయితో కూడా మాట్లాడాడని 2007లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. సొంత పనులకు వాడకూడదన్న నిబంధన అతనికి తెలుసు. అయినా 2017 సెప్టెంబరులో ఐరోపా మానవ హక్కుల కోర్టు విస్తృత ధర్మాసనం అతని పక్షాన తీర్పు ఇచ్చింది. నిఘా ఉందని, అది సందేశాల లోపలి దాకా వెళ్తుందని ముందే చెప్పారా? చూడటానికి గట్టి కారణం ఉందా? ఇంతకంటే తక్కువ చొరబడే మార్గం లేదా? కోర్టు అడగమన్న ప్రశ్నలు ఇలాంటివి. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. మీ హెచ్‌ఆర్‌ను మర్యాదగా ఇవే ప్రశ్నలు అడగడానికి మాత్రం ఏ తీర్పూ అక్కర్లేదు.

ఇంటి నుంచి పని. రోజంతా కెమెరా ఆన్‌లో పెట్టమంటున్నారు.

అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నెదర్లాండ్స్‌లోని తన ఉద్యోగిని ఇలాగే అడిగింది. అతను కాదన్నాడు, తీసేసింది. 2022లో అక్కడి కోర్టు ఆ తొలగింపు చెల్లదని దాదాపు 75 వేల యూరోలు కట్టించింది. మన దగ్గర అలాంటి తీర్పును నమ్ముకుని కాదనమని నేను చెప్పలేను. రెండు గదుల ఇంట్లో వెనక అత్తగారు, పిల్లలు తిరుగుతుంటారు, వాళ్లెవరూ ఏ నిబంధనల మీదా సంతకం పెట్టలేదు. ఈ మాటనే రాతపూర్వకంగా చెప్పండి. మీటింగులకు మాత్రమే కెమెరా అన్న ఒప్పందం చాలాచోట్ల కుదురుతుంది.

మౌస్ దానంతట అదే కదిలే పరికరం పెట్టుకుంటే తప్పా?

దొరికితే ఉద్యోగం పోతుంది. 2024లో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు పని చేస్తున్నట్టు నటింపజేశారని పన్నెండు మందికి పైగా ఉద్యోగులను తొలగించింది. పని చేయకుండా చేసినట్టు చూపడం మోసమే, దాన్ని వెనకేసుకురాను. కానీ మౌస్ కదలికను పనిగా లెక్కించే మేనేజరుకు ఆ కదలికే దొరుకుతుంది. కాగితం మీద లెక్క వేసుకుంటూ, గోడ వంక చూసి ఆలోచిస్తూ గడిపిన అరగంట ఆ కొలతలో సోమరితనం కింద పడుతుంది.

సొంత ఫోనులో ఆఫీసు యాప్ వేసుకోమంటున్నారు. వేసుకోవాలా?

2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులకు ముఖ గుర్తింపు హాజరు వచ్చినప్పుడు సంఘాలు లేవనెత్తిన అభ్యంతరం ఇదే: హాజరు ప్రభుత్వానిది, ఫోను మాది, పరికరం మీరే ఇవ్వండి అని. న్యాయమైన ప్రశ్న.

ఆచరణలో చూసుకోవలసినది ఒకటుంది. ఆండ్రాయిడ్‌లో ‘వర్క్ ప్రొఫైల్’ అనే ఏర్పాటు ఉంటుంది. దానిలో ఆఫీసు యాప్‌లు వేరే గదిలో ఉంటాయి, కంపెనీ ఆ గదిని మాత్రమే చూడగలదు, ఉద్యోగం మానేస్తే ఆ గదిని మాత్రమే తుడిచేయగలదు. అలా కాకుండా ఫోను మొత్తం కంపెనీ నిర్వహణ కిందికి వెళ్లే పద్ధతి అయితే, మీ పెళ్లి ఫొటోలతో సహా అంతా తుడిచే అధికారం వాళ్లకు ఇచ్చినట్టు కావచ్చు. ఏ పద్ధతో అడిగి తెలుసుకున్నాకే ‘అనుమతించు’ నొక్కండి. హాజరు యాప్‌కు లొకేషన్ కావాలంటే, యాప్ వాడేటప్పుడు మాత్రమే అని ఎంచుకోండి.

మా సార్ నా పాస్‌వర్డ్ అడుగుతున్నారు. ఇవ్వకపోతే బాగుండదు.

ఎక్కువమంది అడిగేది ఇదే. నా అనుభవంలో మన ఆఫీసుల్లో భద్రతకు పడ్డ అతి పెద్ద చిల్లు వైరస్ కాదు, మొహమాటం. సెలవులో ఉన్నప్పుడు ఫోను చేసి ‘అన్నా, ఒక్కసారి నీ లాగిన్ చెప్పు, పని ఆగిపోయింది’ అంటారు. సీనియర్ మేడమ్ తలుపు దగ్గర నిలబడి అడుగుతారు. చిన్న ఉద్యోగి కాదనలేడు. అడిగేవారిలో చాలామందికి దురుద్దేశం ఉండదు కాబట్టే ఈ అలవాటు ఇన్నేళ్లుగా బతికింది.

బ్యాంకులో చూడండి. ఒకరు నమోదు చేయాలి, ఇంకొకరు సరిచూసి ఆమోదించాలి. మేకర్, చెకర్ అనే ఈ ఏర్పాటు మొత్తం నిలబడేది రెండు తలల మీద. నెలాఖరు రద్దీలో చెకర్ పాస్‌వర్డ్ మేకర్‌కు తెలిసిపోయిందంటే అక్కడ ఉన్నది ఒక్క తలే. రేపు ఒక ఎంట్రీ తప్పుగా పడితే లాగ్‌లో కనిపించేది మీ పేరు, మీ సమయం. ‘నేను కాదు, సార్ వాడారు’ అంటే సార్ ఒప్పుకుంటారా? సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద, వేరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. అది వాడినవారికి. ఇచ్చినవారికి తమ మీద నేరం లేదని నిరూపించుకునే తిప్పలు.

కాదనడానికి ఒక దారి ఉంది, నిరాకరణలా వినిపించదు. ‘సార్, నా లాగిన్‌తో జరిగితే రేపు ఆడిట్‌లో మీకూ ఇబ్బందే. మీ పేరు మీద అనుమతి ఇవ్వమని ఐటీ వాళ్లకు నేనే ఇప్పుడు మెయిల్ పెడతాను.’ చాలామంది పెద్దలు ఇక్కడ ఆగిపోతారు. ఆగనివారు ఉంటే, వారు అడిగారన్న సంగతి మెయిల్‌లో ఉండేలా చూసుకోండి.

ఇంకో మాట ఉద్యోగులకు కాదు, ఆఫీసర్లకు. సెలవులో ఉన్నవారి పని వేరొకరికి బదలాయించే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో చేయించకుండా ‘పాస్‌వర్డ్‌లు పంచుకోరాదు’ అని సర్క్యులర్ పంపి ఊరుకుంటే, ఆ సర్క్యులర్ గోడకు అంటించుకోవడానికి తప్ప పనికిరాదు.

డిజిటల్ సంతకం కీ ఆపరేటర్ దగ్గరే ఉంటుంది. అందరూ అలాగే చేస్తారు కదా?

చేస్తారు. రెవెన్యూ, పంచాయతీ ఆఫీసుల్లో ఆ చిన్న యూఎస్‌బీ కీ ఆపరేటర్ సొరుగులో, పిన్ ఒక చీటీ మీద. చట్టం దృష్టిలో ఆ కీతో పడ్డ సంతకం ఆఫీసరు తన చేత్తో పెట్టినదే. కీ తన అదుపులో ఉండేలా తగిన జాగ్రత్త తీసుకోవడం సంతకందారు బాధ్యత అని సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. అది చేజారితే వెంటనే జారీ చేసిన సంస్థకు తెలియజేయాలి. తెలియజేసేదాకా బాధ్యత సంతకందారుదే. ఒక భూమి రికార్డు తప్పుగా మారితే ఇరుక్కునేది ఇద్దరూ. నెలజీతం మీద బతికే కాంట్రాక్టు ఆపరేటరు ముందుగా బలవుతాడు, సాధారణంగా.

ఫిషింగ్ (ఎర వేసి నొక్కించే మోసపు) మెయిల్‌కు మోసపోయేవాళ్లు చదువురానివాళ్లు అనుకుంటాను.

హైదరాబాద్‌లోనే జరిగిన సంగతి చెబుతాను. 2022 జనవరిలో ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా దోచారు. పోలీసుల దర్యాప్తులో తేలినదాని ప్రకారం, అంతకు రెండు నెలల ముందే సిబ్బందికి 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. కొందరు నొక్కారు. ఆ కంప్యూటర్లలోకి దూరినవాళ్లు తొందరపడలేదు, వారాల తరబడి లోపలే తిరిగి దారులు చూసుకున్నారు. భద్రత లోపాలకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. నొక్కినవాళ్లు బ్యాంకు ఉద్యోగులే. 200 మెయిళ్లు పంపితే ఒక్కరు అలసిపోయి ఉన్నా చాలు.

నొక్కేశాను. ఎవరికీ తెలియదు. ఏం చేయాలి?

ఇప్పుడే చెప్పండి. నెట్‌వర్క్ తీగ లాగేయండి లేదా వైఫై ఆపండి, మెషీన్‌ను మాత్రం ఫార్మాట్ చేయకండి, ఆధారాలు పోతాయి. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్ మార్చండి. ఇలాంటి సంఘటనలను తెలిసిన ఆరు గంటల్లోగా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి కాబట్టి, మీరు దాచిన ప్రతి గంటా కంపెనీ మెడకు చుట్టుకుంటుంది. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఖాతాల మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

నొక్కినవారిని అందరి ముందు తిట్టే ఆఫీసులో రెండోసారి ఎవరూ చెప్పరు. తిట్టిన మేనేజరు ఇది తెలుసుకునేసరికి సర్వర్లు ఆగిపోయి ఉంటాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌లో సైబర్ దాడితో సర్వర్లు మూతబడితే పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి కాగితాల మీద నడిచింది.

అప్‌డేట్ అడిగిన ప్రతిసారీ ‘తర్వాత’ నొక్కుతాను. ఫరవాలేదా?

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై దాడి వచ్చింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ రూపంలో మందు ఇచ్చింది మార్చిలోనే.

చాట్‌జీపీటీలో ఆఫీసు పని చేసుకోవచ్చా?

ఏం అతికిస్తున్నారన్నదాన్ని బట్టి. 2023లో సామ్‌సంగ్ చిప్ విభాగం ఇంజనీర్లు తప్పులు వెతకమని సోర్స్ కోడ్‌ను అందులో పెట్టారు. సంగతి బయటపడి, కంపెనీ అలాంటి సాధనాలను తన పరికరాల్లో నిషేధించింది. మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరిలో ఆఫీసు పరికరాల్లో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడవద్దని ఉద్యోగులకు చెప్పింది.

నిషేధం పెట్టి, పని మాత్రం రెట్టింపు వేగంతో కావాలంటే ఉద్యోగి సొంత ఫోనులో చాటుగా వాడతాడు. అప్పుడు కంపెనీకి లాగ్ కూడా మిగలదు. కంపెనీ ఆమోదించిన సాధనం ఏదో ఒకటి ఇవ్వడం మేలు. అది లేనిచోట మీరు పాటించగల నియమం ఇది: పేరు, ఫోను నంబరు, ఖాతా నంబరు, ఆధార్, రోగి వివరం, కోడ్, ఇంకా ప్రకటించని లెక్కలు అందులో పెట్టకండి. ‘ఆలస్యమైన చెల్లింపు గురించి మర్యాదగా లేఖ రాయి’ అంటే ఎవరికీ నష్టం లేదు. ఫలానా ఖాతాదారుడి బకాయి చరిత్ర మొత్తం అతికించి అదే అడిగితే, ఆ ఖాతాదారుడు మీకు ఇచ్చిన నమ్మకాన్ని ఆయనను అడగకుండా దాటించారు. యంత్రం ఇచ్చిన జవాబులో తప్పుంటే అది మీ తప్పు కింద లెక్క, ఆ సంగతి కూడా మరచిపోవద్దు.

ఆఫీసు ప్రింటర్‌లో పిల్లల ప్రాజెక్టు ప్రింట్ తీసుకుంటే అనైతికమా?

నాలుగు కాగితాలకు నైతికత చర్చ అక్కర్లేదు. పుస్తకం మొత్తం తీస్తే మీకే తెలుస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను పిల్లల చేతికి ఆటలకు ఇవ్వడం మాత్రం వద్దు, వేసవి సెలవుల్లో కూడా.

మాది చిన్న ఆఫీసు. అన్నీ దొంగ సాఫ్ట్‌వేర్లే. యజమానికి చెప్పాలా?

తెలుగు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, ఫొటోషాప్, ఫాంట్ల దొంగ కాపీలు ఏళ్ల తరబడి సీడీల్లో, ఇప్పుడు పెన్‌డ్రైవుల్లో తిరుగుతున్నాయి. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడినా నేరమే. ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉండవచ్చు. ‘క్రాక్’ ఫైలుతో పాటు ఏం వస్తుందో దాన్ని తయారుచేసినవాడికే తెలుసు. లిబ్రే ఆఫీస్, గింప్, చాలా యూనికోడ్ ఫాంట్లు ఉచితం, మారడానికి నెల రోజుల ఓపిక కావాలి.

నేను సిస్టమ్ అడ్మిన్‌ను. అందరివీ చూడగలను. ఎక్కడ ఆగాలి?

రాతపూర్వక ఆదేశం లేనిచోట ఆగాలి. ‘ఫలానా అమ్మాయి మెయిళ్లు కొంచెం చూడు’ అని మేనేజరు నోటిమాటగా అంటే, రాతపూర్వక అభ్యర్థన (టికెట్) పెట్టమనండి. నిజమైన కారణం ఉన్నవారు పెడతారు, లేనివారు జారుకుంటారు.

పెద్ద అనుమతి చేతిలో ఉంటే ఏం జరగవచ్చో హైదరాబాద్‌కు వేరే చెప్పాలా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కలు తప్పని ఒప్పుకున్న లేఖ తర్వాత జరిగిన దర్యాప్తులో, ఇన్‌వాయిస్ వ్యవస్థలో ‘సూపర్ యూజర్’ అనుమతితో పెట్టిన 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లను సీబీఐ వెలికితీసింది. అవి మిగతా విభాగాల కంటపడకుండా దాచే వీలు కూడా ఆ అనుమతిలోనే ఉంది. బయటి దొంగ ఎవరూ గోడ దూకలేదు. లోపలివారికి ఇచ్చిన అధికారం అది, తీసుకునేటప్పుడు ఎవరో ఒకరు ‘ఎందుకు?’ అని అడగవలసింది.

రాజీనామా చేస్తున్నాను. నేను తయారుచేసిన ఫైళ్లు తీసుకెళ్లవచ్చా?

జీతం తీసుకుని తయారుచేసినవి సాధారణంగా కంపెనీవి. అనుమతి లేకుండా కాపీ చేయడం సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లిన ప్రతి ఫైలూ కంపెనీ కంట్లో పడేది ఆ చివరి వారంలోనే.

మీవి అయినవి మాత్రం అడిగి తీసుకోండి: పే స్లిప్పులు, ఫారం 16, ప్రమోషన్ లేఖలు. బ్యాంకుకు, పీఎఫ్ ఖాతాకు ఆఫీసు మెయిల్ ఇచ్చి ఉంటే, అది పనిచేస్తుండగానే సొంత మెయిల్‌కు మార్చుకోండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు తీసేయండి, వాట్సాప్‌లో జతచేసిన పరికరాల జాబితాలోంచి ఆఫీసు ల్యాప్‌టాప్‌ను తొలగించండి.

తప్పు జరుగుతోంది, నేను చూశాను. ఎవరికి చెప్పాలి?

లిస్టెడ్ కంపెనీ అయితే కంపెనీల చట్టం 177వ సెక్షన్ కింద ఫిర్యాదు యంత్రాంగం ఉండి తీరాలి, అవసరమైనప్పుడు నేరుగా ఆడిట్ కమిటీ అధ్యక్షుడికి వెళ్లే వీలుతో సహా. ఆఫీసు చాట్‌లో అశ్లీల సందేశాలు వస్తుంటే పదిమందికి తగ్గకుండా పనిచేసే ప్రతి సంస్థలోనూ ఉండవలసిన అంతర్గత కమిటీకి మహిళా ఉద్యోగి ఫిర్యాదు చేయవచ్చు. తెర ఫొటోలు తీసి పెట్టుకోండి, తేదీ, సమయం కనిపించేలా. బయటి నేరమైతే జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ఉంది, దగ్గరి పోలీసు స్టేషన్ ఉంది. ఫిర్యాదు మాత్రం ఆఫీసు ల్యాప్‌టాప్ మీద టైపు చేయకండి.